స్టీరాయిడు సూదికి ముందు ఒక రక్తపరీక్ష

ఇంతవరకు ఇక్కడ మనుషుల వ్యాధులను గురించే వ్రాస్తూ వచ్చాను. ఈసారి ఒక పిల్లిని గురించి వ్రాయవలసి వచ్చింది. ఇంట్లో పిల్లులు లేని పాఠకులు కూడా దయచేసి చివరి వరకు చదవండి. ఆ పిల్లి రక్తంలో జరిగిన మార్పులలో చాలా భాగం మన రక్తంలోను జరిగేవే.

ముందు నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. పిల్లికి గాని, మనిషికి గాని కొద్ది రోజులకు మించి స్టీరాయిడు మందు ఇవ్వదలచినప్పుడు, ప్రాణాపాయ స్థితిలో తప్ప, మొదటి మోతాదుకు ముందు ఒక రక్తపరీక్ష, కొన్ని వారాల తర్వాత మరొక రక్తపరీక్ష చేయించాలి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడకుండా సూది మీద సూది వేయిస్తూ పోవడాన్ని నేను చికిత్స అనలేను. ఈ మాట చెప్పే అర్హత నాకు చదువు వల్ల రాలేదు. నా చేతులతో నేను చేసిన తప్పు వల్ల వచ్చింది.

చంటిగాడి కథ

కాకినాడలో మా ఇంట్లో తొమ్మిదేళ్ళ మగ పిల్లి ఒకటి ఉంది. పేరు చంటి. మా ఆవిడ పెంచిన పిల్లి. ఆమె కాలం చేసి నాలుగేళ్ళు కావస్తున్నది. ఆమె కూర్చునే పడకకుర్చీలోనే వాడు నేటికీ పడుకుంటాడు. చిన్నతనంలోనే వాడికి సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించాము. తిండి మీద మక్కువ ఎక్కువ, తిరుగుడు తక్కువ. అందువల్ల ఆరు కిలోలకు పైగా బరువు పెరిగాడు.

రెండేళ్ళ క్రితం వాడికి దురద పట్టుకున్నది. పొట్ట మీది బొచ్చంతా నాకి నాకి ఊడగొట్టుకున్నాడు. మెడ మీద పక్కులు కట్టాయి. పశువుల ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడి వైద్యుడు పరీక్షించి, బొచ్చులో గెంతే పేల వంటి పురుగుల కాటు పడకపోవడం వల్ల వచ్చిన దురద ఇదని చెప్పారు. దీర్ఘకాలం పనిచేసే స్టీరాయిడు సూది ఒకటి వేశారు. నెలనెలా మెడ మీద వేయవలసిన పురుగుల మందు వ్రాసి ఇచ్చారు. రెండు వారాల తర్వాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆయన చేసినదానిలో తప్పేమీ లేదు.

తప్పు నాది. మూడు రోజులలో గోకుడు ఆగిపోయింది. నేను తిరిగి ఆసుపత్రికి వెళ్ళలేదు. పురుగుల మందు ఒక నెల వేసి మరచిపోయాను. రెండు నెలల తర్వాత దురద మళ్ళీ మొదలైనప్పుడు, అదే మందు కొని తెచ్చి నేనే సూది వేశాను. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యుడిని, ఒక పిల్లికి సూది వేయడానికి ఇంకొకరిని అడగాలా అన్న ధీమా. అలా ఏడాది కాలంలో మొత్తం ఐదు సూదులు పడ్డాయి. సూది వేసిన ప్రతిసారీ వాడి దురద పోయేది, నా ధీమా పెరిగేది.

ఒకనాడు మా మనుమరాలు, "తాతయ్యా, చంటిగాడు స్నానాలగదిలో బకెట్టు మీదికెక్కి మరీ నీళ్ళు తాగుతున్నాడు" అన్నది. "వేసవి కదమ్మా" అన్నాను. అదే మాట ఒక రోగి భార్య వచ్చి తన భర్తను గురించి చెప్పి ఉంటే, ఆమె వాక్యం ముగించే లోపలే సుగరు పరీక్షకు చీటీ వ్రాసి ఉండేవాడిని. తర్వాత వాడు బాగా తింటూనే చిక్కిపోసాగాడు. వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగిలేవి. వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆనించి కుంటుతున్నట్లు నడవసాగాడు. పిల్లులు సహజంగా మునివేళ్ళ మీద నడుస్తాయి. నేను దానిని కీళ్ళవాతమనుకున్నాను. కీళ్ళవాతానికి కూడా స్టీరాయిడు పనిచేస్తుంది గదా అని ఆరవ సూది మందు తెచ్చి అలమరలో పెట్టాను.

ఆ సూది పడకుండా ఆపినది మా మనుమరాలే. పట్టుబట్టి వాడిని బుట్టలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. అప్పటికి అక్కడికి ఒక యువ వైద్యురాలు వచ్చారు. రక్తంలో చక్కెర 418 ఉన్నది. మూత్రంలోను చక్కెర ఉన్నది.

"సార్, సూదులు మొదలుపెట్టక ముందు సుగరు ఎంత ఉండేది?" అని ఆమె అడిగారు.

"ఎప్పుడూ చేయించలేదమ్మా."

"మీ పేషెంట్లకైతే చేయించేవారు కదా సార్?"

ఆమె నన్ను నొప్పించాలని అనలేదు. అయినా ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా వ్రాస్తున్న జవాబు.

స్టీరాయిడు రక్తంలో ఏమి చేస్తుంది?

మూత్రపిండాల దగ్గర అధివృక్క గ్రంథులు అనే రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటి పైపొర నుంచి కార్టిసాల్ అనే హార్మోను వెలువడుతుంది. మనిషిలోను, పిల్లిలోను ఈ వర్గపు ముఖ్య హార్మోను ఇదే. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ వంటి మందులు దీనికి అనుకరణలు. శరీరం ఆపదలో ఉన్నప్పుడు మెదడుకు, గుండెకు ఇంధనం తక్కువ కాకుండా చూడడం కార్టిసాల్ చేసే పనులలో ఒకటి. అందుకోసం అది కండరాలలోని మాంసకృత్తులను కరిగిస్తుంది. అలా వెలువడిన అమైనో ఆమ్లాల నుంచి కాలేయం కొత్తగా గ్లూకోజు తయారు చేస్తుంది. అదే సమయంలో కండరాలు, కొవ్వు కణాలు ఇన్సులిన్ మాట వినకుండా పోతాయి. నిలవ ఉన్న కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది. ఆపద తాత్కాలికమైతే ఈ ఏర్పాటు మేలు చేస్తుంది. దురద కోసం నెలల తరబడి మనమే ఈ ఏర్పాటును నడిపిస్తే, అది దేహాన్ని తినివేస్తుంది.

ఈ సంగతి వైద్యశాస్త్రానికి మొదట తెలియజెప్పిన జంతువులలో పిల్లి ఒకటి. 1936లో అమెరికాలో లాంగ్, లూకెన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పిల్లులపై చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. క్లోమగ్రంథి తీసివేసిన పిల్లులకు తీవ్రమైన మధుమేహం వస్తుంది. వాటికి అధివృక్క గ్రంథులను కూడా తీసివేస్తే మధుమేహ తీవ్రత బాగా తగ్గింది. అంటే చక్కెరను పెంచే శక్తి ఒకటి అధివృక్క గ్రంథులలో ఉన్నదని తేలింది. ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1948 సెప్టెంబరులో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతంతో మంచాన పడిన ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచం ఆ నడకను చూసి అబ్బురపడింది. ఆ అద్భుతానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటో పిల్లులు అంతకు ముందే సూచించాయి.

పిల్లికే ఎందుకు ఎక్కువ?

పశువైద్యులలో ఒక మాట వాడుకలో ఉన్నదట: పిల్లి చిన్న కుక్క కాదు అని. దానికి నేను, పిల్లి చిన్న మనిషి కూడా కాదు అని చేరుస్తాను. నేను పొరబడినది అక్కడే.

పిల్లి పూర్తిగా మాంసాహార జంతువు. దాని ఆహారంలో పిండిపదార్థాలు సహజంగా చాలా తక్కువ. అందువల్ల దాని కాలేయం ఎల్లవేళలా మాంసకృత్తుల నుంచి గ్లూకోజు తయారు చేస్తూనే ఉంటుంది. భోజనం తర్వాత హఠాత్తుగా వచ్చే గ్లూకోజును పట్టి నిలవచేసే గ్లూకోకైనేజ్ అనే ఎంజైము పిల్లి కాలేయంలో స్వల్పం. ఇప్పటికే నడుస్తున్న ఆ కర్మాగారానికి స్టీరాయిడు మరింత ముడిసరుకు అందిస్తుంది.

రెండవది, పిల్లికి వచ్చే మధుమేహం మనలో పెద్ద వయసులో వచ్చే రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్‌తో పాటు అమిలిన్ అనే మరొక పదార్థం స్రవిస్తుంది. మనిషిలోను, పిల్లిలోను ఈ అమిలిన్ గడ్డకట్టి, ఇన్సులిన్ తయారు చేసే కణాల మధ్య పేరుకుపోగలదు. వయసు మీరిన పిల్లులు, స్థూలకాయం గలవి, శస్త్రచికిత్స జరిగిన మగ పిల్లులు ఈ వ్యాధికి ఎక్కువగా లోనవుతాయి. మా చంటి ఈ మూడింటిలోను ఉన్నాడు. వాడి క్లోమం ముందే గట్టు అంచున నిలబడి ఉండవచ్చు. నేను ఐదు సార్లు తోశాను.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పిల్లి చర్మంలోను, కాలేయంలోను స్టీరాయిడుకు స్పందించే గ్రాహకాలు కుక్కలో కంటే తక్కువ. కుక్కకు స్టీరాయిడు ఇస్తే కొద్ది రోజులలోనే అది విపరీతంగా నీళ్ళు తాగుతుంది, మూత్రం పోస్తుంది, ఆయాసపడుతుంది. యజమానికి వెంటనే తెలిసిపోతుంది. పిల్లి అలా కాదు. చాలా పిల్లులు పైకి ఏ తేడా చూపకుండా మందును భరిస్తాయి. దీనివల్లనే పిల్లులకు స్టీరాయిడు పడుతుందనే నమ్మకం బలపడింది. కంటికి కనబడేది తక్కువైనప్పుడు రక్తపరీక్ష అవసరం ఎక్కువవుతుంది గాని, తగ్గదు.

పరీక్ష కాగితాన్ని ఎలా చదవాలి?

ఆ రోజు చంటి రక్తపరీక్ష కాగితాన్ని నేను మనుషుల కాగితం చదివినట్లు చదివాను. ఆ వైద్యురాలు ఓపికగా ఒక్కొక్క వరుసా వివరించారు. నేర్చుకున్నది మీకు చెబుతాను.

మొదటిది గ్లూకోజు. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ఇది సాధారణంగా 70 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. మనిషిలో రక్తపు చక్కెర సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగుతుంది. పిల్లిలో ఆ గట్టు ఇంకా ఎత్తు, సుమారు 270. అంతవరకు మూత్రంలో చక్కెర ఉండదు, నీళ్ళు ఎక్కువగా తాగడమూ ఉండదు. అంటే దాహం మనకు కనబడే నాటికి వ్యాధి చాలా దూరం నడిచి వచ్చిందన్న మాట.

అయితే ఒక్క గ్లూకోజు సంఖ్యను చూసి మధుమేహమని తీర్మానించకూడదు. బుట్టలో పెట్టి, ఆటోలో తిప్పి, కుక్కలు మొరిగే చోట కూర్చోబెట్టి, పట్టుకుని సూది గుచ్చితే, భయంతోనే పిల్లి చక్కెర 300 వరకు, కొన్నిటిలో అంతకు మించి కూడా పెరగవచ్చు. మధుమేహం లేని పిల్లికి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. అందువల్ల ఫ్రక్టోసమీన్ అనే మరొక పరీక్ష చేస్తారు. గడచిన ఒకటి రెండు వారాలలో చక్కెర సగటున ఎలా ఉన్నదో అది తెలుపుతుంది. గంటసేపటి భయం దానిని మార్చలేదు. మనుషులలో మూడు నెలల సగటు తెలిపే పరీక్ష వంటిదే ఇది. చంటికి అది కూడా పెరిగి ఉండడంతో సందేహం తీరిపోయింది.

రెండవది కొవ్వులు. స్టీరాయిడుతో కొలెస్టరాలు, ట్రైగ్లిసరైడులు పెరగవచ్చు. మధుమేహం తోడైతే మరింత పెరుగుతాయి. అప్పుడు రక్తపు తేట పాలు కలిపినట్లు తెల్లగా మారి, మిగిలిన కొన్ని పరీక్షల సంఖ్యలను కూడా తారుమారు చేయగలదు.

మూడవది కాలేయపు ఎంజైములు. నేను ముందుగా వెదికినది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. కుక్కలకు స్టీరాయిడు ఇస్తే ఈ ఎంజైము అనేక రెట్లు పెరుగుతుందని ఎక్కడో చదివిన గుర్తు. అది నిజమే. కుక్క కాలేయం స్టీరాయిడు ప్రభావంతో ఆ ఎంజైములోనే ఒక ప్రత్యేక రకాన్ని తయారు చేస్తుంది. పిల్లి కాలేయం దానిని తయారు చేయదు. పైగా పిల్లి రక్తంలో ఈ ఎంజైము కొద్ది గంటలలోనే సగానికి తగ్గిపోతుంది. కుక్కలో అందుకు సుమారు మూడు రోజులు పడుతుంది. కాబట్టి పిల్లిలో ఈ ఎంజైము కొంచెం పెరిగినా తేలికగా తీసుకోకూడదు. "స్టీరాయిడు వాడుతున్నాము గదా, అందుకే పెరిగింది" అని సరిపెట్టుకోకూడదు. కాలేయంలో కొవ్వు పేరుకోవడం, పిత్తనాళాల జబ్బు, మధుమేహం, థైరాయిడు ఎక్కువ కావడం వంటి వేరే కారణాలను వెదకాలి. కుక్కకు వర్తించే సమాధానం పిల్లికి చెబితే అసలు జబ్బు దాగిపోతుంది.

నాలుగవది మూత్రపిండాల పరీక్షలు. ఇవి మరింత మోసం చేస్తాయి. మాంసకృత్తులు కరుగుతున్నందువల్ల యూరియా కొంత పెరగవచ్చు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. స్టీరాయిడు వల్ల, మధుమేహం వల్ల కండ కరిగిపోయిన పిల్లిలో క్రియాటినిన్ తక్కువగానే కనిపించి, మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని మరుగుపరచగలదు. పెద్ద వయసు పిల్లులలో మూత్రపిండాల వ్యాధి సర్వసాధారణం. మందుకు ముందు చేయించిన పరీక్ష, అప్పటి బరువు మన వద్ద ఉంటే గాని ఇప్పటి సంఖ్య మంచిదో చెడ్డదో చెప్పలేము.

ఐదవది తెల్ల రక్తకణాలు. ఇది రసాయన పరీక్ష కాకపోయినా అదే రక్తంతో చేసేది గనుక చెబుతున్నాను. స్టీరాయిడు వల్ల న్యూట్రోఫిలులు పెరుగుతాయి, లింఫోసైటులు, ఇయొసినోఫిలులు తగ్గుతాయి. సంగతి తెలియని వైద్యుడు న్యూట్రోఫిలులను చూసి ఎక్కడో చీము పట్టిందనుకోవచ్చు. ఇయొసినోఫిలులు లేకపోవడం చూసి ఎలర్జీ లేదనుకోవచ్చు. కాబట్టి చివరి స్టీరాయిడు మోతాదు ఏ తేదీన పడిందో ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా చెప్పితీరాలి. పరీక్ష కాగితం మీద కూడా వ్రాయించాలి.

ఆరవది సాధారణ పరీక్షలో కనబడనిది. బయటి నుంచి స్టీరాయిడు వస్తూ ఉంటే పీయూష గ్రంథి తన ఆజ్ఞలు మానుకుంటుంది, అధివృక్క గ్రంథులు పని మరచి కుంచించుకుపోతాయి. ఆ స్థితిలో మందును అకస్మాత్తుగా ఆపివేస్తే, ఏ చిన్న జబ్బు చేసినా తట్టుకునే కార్టిసాల్ ఉండదు. ఈ వ్యాసం చదివి భయపడి మీ పిల్లికి గాని, మీ ఇంట్లోవారికి గాని వాడుతున్న మందును రేపే ఆపివేయకండి. నెమ్మదిగా తగ్గించవలసినది వైద్యుడే.

సూదికీ మాత్రకూ ఉన్న తేడా

పిల్లి నోట్లో మాత్ర వేయడం ఎంత కష్టమో వేసినవారికి తెలుసు. చేతుల నిండా గీతలు పడతాయి. అందుకే దీర్ఘకాలిక సూది అందరికీ ఇష్టం. ఒకసారి పొడిస్తే కొన్ని వారాలు నిశ్చింత. కాని ఆ నిశ్చింతే దాని దోషం. మాత్ర వల్ల చక్కెర పెరిగితే మోతాదు తగ్గించవచ్చు. లోపలికి వెళ్ళిన సూదిమందును వెనక్కు తీయలేము. అది కరిగినన్నాళ్ళూ పనిచేస్తూనే ఉంటుంది. ఈ సూది వేసిన తర్వాత కొద్ది రోజులలో కొన్ని పిల్లులకు గుండె వైఫల్యం వచ్చి ఊపిరితిత్తులలో నీరు చేరడం పశువైద్యులు గమనించారు. చక్కెర పెరిగి, కణాలలోని నీటిని రక్తనాళాలలోకి లాగడం వల్ల రక్తపు పరిమాణం పెరిగి, లోపల దాగి ఉన్న గుండెజబ్బు బయటపడుతుందని భావిస్తున్నారు. ఒక సంఖ్య పెరుగుదల అంత దూరం పోగలదు.

మాత్రలలోను తేడా ఉన్నది. ప్రెడ్నిసోన్ అనే మందు శరీరంలో ప్రెడ్నిసొలోన్‌గా మారితేనే పనిచేస్తుంది. మనిషి కాలేయం ఆ పని సులువుగా చేస్తుంది. పిల్లికి ప్రెడ్నిసోన్ మాత్ర ఇస్తే, దాని రక్తంలోకి చేరే ప్రెడ్నిసొలోన్ చాలా తక్కువ. అందువల్ల పిల్లులకు ప్రెడ్నిసొలోన్‌నే ఇస్తారు. మన ఇంటి మందులపెట్టెలోది పిల్లికి వేయరాదనడానికి ఇదొక నిదర్శనం. ఇంకొకటి కూడా చెప్పితీరాలి. మనం జ్వరానికి వేసుకునే పారసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

తర్వాత ఏమయింది?

చంటికి రోజుకు రెండు పూటలా ఒక్కొక్క యూనిట్ ఇన్సులిన్ మొదలుపెట్టాము. అన్నం, పాలు మాన్పించి చేప, కోడిమాంసం, పిండి తక్కువగా ఉన్న పిల్లి ఆహారం పెట్టాము. పురుగుల మందు నెలనెలా తేదీ వేసుకుని వేశాము, ఇల్లు, పడకకుర్చీ గుడ్డలు శుభ్రం చేశాము. స్టీరాయిడు మళ్ళీ వేయకుండానే దురద పోయింది. ఈ పని మొదటి నెల నుంచి చేసి ఉంటే రెండవ సూది అవసరమే ఉండేది కాదు.

మూడవ నెలలో ఒక ఉదయం వాడు తూలుతూ నడిచి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మనుమరాలు చక్కెర చూస్తే 46. చిగుళ్ళకు తేనె రాసి, ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాము. బ్రతికాడు. పాత సూదుల ప్రభావం తగ్గిపోతున్నకొద్దీ వాడి సొంత ఇన్సులిన్ తిరిగి పనిచేయసాగింది. అప్పటి వరకు సరిపోయిన మోతాదు ఎక్కువైపోయింది. ఆ తర్వాత వైద్యురాలు మోతాదు తగ్గించి, చివరికి ఆపివేశారు. పిల్లులలో మధుమేహం ఇలా వెనుదిరగడం ఉన్నది. తొందరగా గుర్తించి, కారణమైన మందును తొలగిస్తే ఆ అవకాశం పెరుగుతుంది. అన్ని పిల్లులకూ ఆ అదృష్టం కలగదు. చంటికి కూడా ఎప్పుడైనా తిరగబెట్టవచ్చు.

స్టీరాయిడులు చెడ్డవా?

కావు. పిల్లుల ఉబ్బసానికి, పేగుల వాపుకు, కొన్ని రకాల కాన్సరులకు, శరీరం తన కణాల మీదనే దాడి చేసుకునే జబ్బులకు ఇవి ప్రాణదాతలు. మనుషులలోను అంతే. 2020లో కోవిడ్ రోగులలో ఆక్సిజన్ అవసరమైనవారిని డెక్సామెథసోన్ కాపాడగలదని తేలింది. మరుసటి ఏడాది వేసవిలో ఏమి జరిగిందో తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఆక్సిజన్ అవసరం లేనివారు కూడా ఆ మాత్రలు ముందుగానే మింగారు, చక్కెర చూసుకోలేదు. అదుపు తప్పిన మధుమేహమూ, స్టీరాయిడూ కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారి తీశాయి. ఎందరో కన్ను పోగొట్టుకున్నారు, ఎందరో ప్రాణాలే పోగొట్టుకున్నారు. మందు అదే. చూడవలసినది చూడకపోవడమే తేడా.

మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో ఒక "బలం సూది" వేయించుకుని, నొప్పి పోయిందని నెలనెలా వెళ్ళే వృద్ధులు నా ఉద్యోగకాలంలో ఎందరో వచ్చేవారు. గుండ్రంగా ఉబ్బిన ముఖం, సన్నబడిన కాళ్ళు, 400 దాటిన చక్కెర. "ఆ సూదిలో ఏముందో అడగలేదా?" అని వారి మీద కేకలు వేసేవాడిని. నా ఇంట్లో నేను చేసినది అక్షరాలా అదే. రోగి నోరులేనిది కాబట్టి నన్ను కేకలు వేసేవారు లేకపోయారు.

రక్తపరీక్షకు ఖర్చు అవుతుంది గదా అని కొందరు అంటారు. నిజమే. మా ఇంట్లో ఇన్సులిన్‌కు, సిరంజిలకు, మళ్ళీ మళ్ళీ చేయించిన పరీక్షలకు అయిన ఖర్చుతో ఆ మొదటి పరీక్షను ఎన్నోసార్లు చేయించగలిగేవాడిని. పిల్లిని పట్టుకుని రక్తం తీయడం దానికి హింస కాదా అని మరికొందరంటారు. కొంత హింసే. మడమలు నేలకానించి నడవడం అంతకంటె పెద్ద హింస.

కాబట్టి పాఠకులకు నా మనవి ఇది. మీ పిల్లికి స్టీరాయిడు అవసరమని పశువైద్యుడు చెబితే కాదనకండి. దురదకు గాని, ఆయాసానికి గాని మూలకారణం ఏమిటని అడగండి. సూది బదులు మాత్ర గాని, ఉబ్బసమైతే పీల్చే మందు గాని వీలవుతుందేమో అడగండి. ముందుగా బరువు తూచి, చక్కెర, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించండి, గుండెలో తేడా ఉందేమో చూడమనండి. మందు కొనసాగినన్నాళ్ళు వైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్ళీ పరీక్ష చేయించండి. ఇంట్లో నీళ్ళగిన్నె ఎన్నిసార్లు నింపుతున్నారో గమనించండి. మందు పడిన తేదీలు ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. మీరు స్వయంగా వైద్యులైనా సరే, ఇంకొక జాతి ప్రాణికి మీ జ్ఞానం చాలదని ఒప్పుకోండి.

అలమరలోని ఆరవ సూది మందును ఆసుపత్రికి తీసుకువెళ్ళి వైద్యురాలి చేతికి ఇచ్చివేశాను. ఆ స్థానంలో ఇప్పుడు చంటిగాడి పరీక్ష కాగితాల దస్త్రం ఉన్నది. అందులో మొదటి కాగితం మీద 418 అని ఉన్నది. దానికి ముందు ఉండవలసిన కాగితం ఎన్నటికీ ఉండదు. మీ ఇంటి దస్త్రంలో ఆ మొదటి కాగితం ఉండేలా చూసుకోండి.

(ఈ వ్యాసం అవగాహన కోసం వ్రాసినది. చికిత్స విషయంలో మీ వైద్యుని, మీ పశువైద్యుని సలహానే పాటించండి.)